ఇంగ్లీషు క్రియ చరిత్ర మనమే తవ్వుకోవడం ఎలా? ‘వర్రీ’తో మొదలుపెడదాం

బ్రిటన్ పల్లెల్లో పొలాల మధ్య నుంచి వెళ్లే కాలిబాటల దగ్గర గేట్లకు బోర్డులు ఉంటాయి, కుక్కను తాడు కట్టి తీసుకెళ్లండి, అది గొర్రెలను ‘వర్రీ’ చేస్తే నేరం అని. పై చదువులకు అక్కడికి వెళ్లిన మన పిల్లలు అది చదివి, గొర్రెకు దిగులేంటి, దాని మీద కేసేంటి అనుకుంటే తప్పేం లేదు. మనకు తెలిసిన వర్రీ ఒక్కటే కదా, ‘డోంట్ వర్రీ’లో ఉన్నది. బోర్డు మీద ఉన్నది అంతకంటే చాలా పాతది, ఇంకా బతికే ఉంది.

ఇలా ఎక్కడో అతకని వాడుక కనపడినప్పుడు ఆ క్రియ చరిత్రను మనంతట మనమే ఎలా తవ్వుకోవాలో చెప్తాను. పైసా ఖర్చు లేదు, భాషాశాస్త్రం చదివి ఉండక్కర్లేదు, నెట్ ఉన్న ఫోను, కాస్త తీరిక ఉంటే చాలు. కానీ ఒక పద్ధతి లేకుండా దిగితే పది ట్యాబులు తెరిచి ఏమీ తేలకుండానే మూసేస్తారు. నా పద్ధతి ఇది: అర్థం ఏంటని అడగడం తర్వాత, ముందు కర్త ఎవరు, కర్మ ఎవరు అని అడగండి. బళ్లో తెలుగు మాస్టారు వల్లె వేయించిన కర్త, కర్మ, క్రియ ఇన్నాళ్లకు అక్కరకొస్తుందన్నమాట. క్రియల విషయంలో చాలాసార్లు అర్థం కంటే ముందు కర్తో కర్మో మారుతుంది, ఒక్కోసారి కర్మ పూర్తిగా మాయమైపోతుంది, నిఘంటువులో కొత్త అర్థం చేరేది ఆ తర్వాతే.

ముందు ఇవాళ్టి వాడుక రాసుకోండి

నిఘంటువు తెరవకముందే ఆ క్రియతో మీకు తెలిసిన వాక్యాలన్నీ ఒక కాగితం మీద రాయండి. వర్రీకి ఇది మరీ తేలిక, ఎందుకంటే తెలుగులో ఇంగ్లీషు క్రియను వాడాలంటే పక్కన ‘అవ్వు’ గానీ ‘చెయ్యి’ గానీ తగిలించాల్సిందే. ‘వాడు రిజల్ట్స్ గురించి వర్రీ అవుతున్నాడు’, ‘ఆ విషయం నన్ను వర్రీ చేస్తోంది’. మొదటిదాంట్లో కర్మ లేదు, రెండోదాంట్లో ఉంది. ఇంగ్లీషు వాళ్లు రెండింటికీ ఒకే మాట వాడి ఊరుకుంటారు, మనం ఆ తేడాను విడదీసి చూపిస్తాం. కాబట్టి ఏ ఇంగ్లీషు క్రియనైనా తెలుగు వాక్యంలో పెట్టి ‘అవ్వు’ అంటున్నామా ‘చెయ్యి’ అంటున్నామా చూస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు అతకని వాక్యాల కోసం వెతకండి. పాత అర్థాలు చట్టాల్లో, పిల్లల పాటల్లో, సామెతల్లో, మత గ్రంథాల్లో దాక్కుంటాయి, ఎందుకంటే ఆ మాటలను ఎవరూ ముట్టుకోరు, ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పుకుంటూ పోతారు. జాక్ కట్టిన ఇల్లు అనే నర్సరీ పాట చాలామంది ఇంగ్లీషు మీడియం పిల్లలకు నోటికి వచ్చు, అందులో ఒక కుక్క పిల్లిని ‘వర్రీ’ చేస్తుంది. పిల్లి ఎలుకను చంపితే, కుక్క వచ్చి పిల్లికి టెన్షన్ పెట్టిందట! అలా కాదు, పట్టుకుని కొరికి విదిలించింది అని.

చట్టం విషయానికి వస్తే, ఆ బోర్డుల వెనక ఉన్నది పశువులను కుక్కల నుంచి కాపాడడానికి 1953లో బ్రిటన్ చేసిన చట్టం. అందులో వర్రీ అంటే ఏంటో విడమరిచి రాశారు: పశువుల మీద పడడం, గాయమో బాధో కలిగేలా, లేదా కడుపుతో ఉన్నవి ఈచుకుపోయేలా తరమడం. అంతేకాదు, గొర్రెలున్న పొలంలో తాడు లేకుండా, అదుపులో లేకుండా కుక్క తిరుగుతున్నా అది కూడా వర్రీయే. ఇక్కడ కర్త కుక్క, కర్మ గొర్రె. దిగులుతో సంబంధమే లేదు, ఉంటే గింటే గొర్రెల ఆసామికి ఉంటుంది.

నిఘంటువు ఏ వరసలో చెప్తోందో చూడండి

దీన్ని చాలామంది పట్టించుకోరు. నిఘంటువుల్లో రెండు రకాలు. విద్యార్థుల కోసం వేసేవాటిలో ఇవాళ ఎక్కువగా వాడే అర్థం మొదట వస్తుంది. మెరియం వెబ్‌స్టర్ లాంటివాటిలో పుట్టిన వరసలో వస్తాయి, అంటే ఒకటో నంబరు అర్థం అన్నిటికంటే పాతది. ఇది తెలియక మొదట ఉన్నదే ముఖ్యమైనదనుకుని తికమకపడేవాళ్లు బోలెడు మంది. మెరియం వెబ్‌స్టర్ సైటులో వర్రీ అని కొట్టి చూడండి, మొట్టమొదట కనపడేది ‘పీక నులమడం’, పక్కన బ్రిటిష్ మాండలికం అన్న గుర్తు. తర్వాత పళ్లతో పట్టి కొరకడం, ముఖ్యంగా గొంతు దగ్గర. ఆ తర్వాత సతాయించడం, చివర్లో మనసుకు ఆందోళన కలిగించడం. ఇవన్నీ సకర్మకాలు, అంటే కర్మ ఉన్నవి. అకర్మక అర్థాలు కింద వేరే గుంపులో ఉంటాయి, మనం రోజూ వాడే దిగులు పడడం వాటిలోనూ చివరిదే.

ఒక్క పేజీ చదివితేనే దారి దాదాపు మొత్తం కనపడిపోయింది. అయినా అక్కడ ఆగకండి, అది దారి చూపిస్తుందే గానీ తేదీలు చూపించదు.

తేదీల కోసం ఎటిమ్‌ఆన్‌లైన్ అనే ఉచిత సైటు ఉంది, డగ్లస్ హార్పర్ అనే ఆయన నడుపుతున్నది. పండితులు కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు, నేను చూడను, తొలి మెట్టుకు దాన్ని మించింది లేదు. అక్కడ పాత ఇంగ్లీషు ‘వ్యర్గన్’ కనపడుతుంది, ఊపిరాడకుండా పీక నొక్కడం అని. పక్కనే జర్మన్ ‘వ్యూర్గెన్’. ఈ జర్మన్ మాటను వెంటనే వేరే ట్యాబులో తెరవండి, ఎందుకంటే ఒకే ఇంట్లో పుట్టిన మాటల్లో ఒకటి మారి ఇంకోటి మారకపోతే మారనిదే సాక్షి. జర్మన్‌లో అది ఇవాళ్టికీ గొంతు నులమడమే, మింగుడు పడక వాంతికి రావడమే. అంటే మారింది ఇంగ్లీషు వాళ్ల దగ్గర మాత్రమే.

ఎటిమ్‌ఆన్‌లైన్‌లో ఇంకా వెనక్కి వెళ్తే చుక్క గుర్తు (*) ఉన్న రూపాలు వస్తాయి, ‘తిప్పు, మెలిపెట్టు’ అనే అర్థంలో. చుక్క ఉందంటే అది ఎక్కడా రాసి దొరకలేదు, పిల్ల భాషలను పోల్చి పండితులు కట్టుకున్న రూపం అని. దాన్ని గౌరవించండి, కానీ దాని మీద కోటలు కట్టొద్దు.

మధ్యలో ఖాళీలు పూరించడం

అసలు మజా ఇక్కడ ఉంది. పీక నులమడం ఒక చివర, దిగులు పడడం ఇంకో చివర, మధ్యలో దాదాపు వెయ్యేళ్లు. ఒక్క గంతులో ఏ మాటా అంత దూరం పోదు, మెట్లు ఉంటాయి, వాటిని పట్టుకోవాలి.

పాత ఇంగ్లీషుకు బాస్‌వర్త్, టోలర్ నిఘంటువు ఉంది, ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీ వాళ్లు నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చూసుకుని నడవండి. ‘వ్యర్గన్’ అనే రూపంలో రెండు క్రియలు ఉన్నాయి, ఒకటి పీక నొక్కడం, ఇంకోటి శపించడం. స్పెల్లింగ్ కలిసింది కదా అని రెండింటినీ కలిపేసి, శాపం నుంచి దిగులు పుట్టిందని కథ అల్లేస్తే అంతే సంగతులు.

తర్వాతి కాలానికి మిచిగన్ యూనివర్సిటీ వాళ్ల మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ, అదీ ఉచితమే. ఇందులో ఒక్కో అర్థం కింద ఆ కాలపు వాక్యాలు ఉంటాయి, అర్థం కాకపోయినా కర్త, కర్మ పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఇక్కడే తోడేలు, వేటకుక్క వస్తాయి. అప్పటిదాకా చేతులతో పీక నొక్కిన క్రియ ఇప్పుడు పళ్లతో పీక కొరుకుతోంది. తోడేలు గొర్రెను చంపే తీరు అదే కదా, మెడ పట్టి విదిలించడం. చూశారా, కర్త మారింది, మనిషి పోయి మృగం వచ్చింది. దాంతో ఊపిరాడకపోవడం వెనక్కి పోయి కొరకడం, చీల్చడం ముందుకొచ్చాయి.

ఇదే నిఘంటువులో స్పెల్లింగులు చూస్తే కళ్లు తిరుగుతాయి, అచ్చు దగ్గర ఇ, ఎ, ఉ, ఒ అన్నీ ఉంటాయి, ఏ ప్రాంతం లేఖకుడు ఆ ప్రాంతం యాసలో రాసుకున్నాడు. ఇవాళ వర్రీని ‘ఒ’తో రాసి ‘అ’లా పలకడం కూడా ఆ చేతిరాతల పుణ్యమే అంటారు. అప్పటి రాతలో డబ్ల్యూ, యు, ఎన్, ఎమ్ అన్నీ ఒకే రకం నిలువు గీతలు, పక్కపక్కన పడితే ఏది ఏదో తెలిసేది కాదు, అందుకని అలాంటి చోట ‘యు’ బదులు ‘ఓ’ రాయడం అలవాటైంది. సన్ (కొడుకు), మంక్, వండర్ కూడా ఇదే బాపతు. బళ్లో ఈ స్పెల్లింగులు తప్పు రాసి దెబ్బలు తిన్నవాళ్లు ఎవరిని తిట్టుకోవాలో ఇప్పుడు తెలిసింది.

ఇక 18, 19 శతాబ్దాలు. ఇక్కడ నేను చేసే పని, రెండు పాత నిఘంటువులను పక్కపక్కన పెట్టుకోవడం. 1755లో లండన్‌లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు, 1828లో అమెరికాలో వచ్చిన నోవా వెబ్‌స్టర్ నిఘంటువు. రెండూ నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. జాన్సన్ ఇచ్చినవి రెండే అర్థాలు, మృగం తన వేటను చీల్చినట్టు చీల్చడం, క్రూరంగా వేధించడం. మనసు, దిగులు ఊసే లేదు. వెబ్‌స్టర్ దగ్గరికి వచ్చేసరికి వరస తలకిందులైంది. మొదటి అర్థమే సతాయించడం, ప్రాధేయపడి విసిగించడం, చింతతో బాధపెట్టడం. కుక్కలు గొర్రెలను తరమడం కిందికి జారింది. 73 ఏళ్ల తేడాలో మృగం వెనక్కి పోయి మనిషి, చింత ముందుకొచ్చాయి. కానీ ఒక్కటి గమనించండి, వెబ్‌స్టర్ దాన్ని ఇంకా సకర్మకంగానే చూపిస్తాడు. చింత మనిషిని పీక్కుతింటోంది, మనిషి తనంతట తాను ‘వర్రీ అవ్వడం’ లేదు. ఆ ఆఖరి మెట్టు, కర్మ మాయమైపోయే మెట్టు, 19వ శతాబ్దంలోనే వస్తుంది గానీ దానికి ఎటిమ్‌ఆన్‌లైన్ ఇచ్చే తొలి ఉదాహరణ 1860 నాటిది. మనం రోజూ వాడే అర్థానికి వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదన్నమాట.

పీక్కుతినడం అన్నాను కదా, అది ఊరికే అన్నది కాదు. తెలుగులో రాబందులు శవాన్ని పీక్కుతింటాయి, పిల్లలు ఫోను కావాలని అమ్మను పీక్కుతింటారు, అప్పు మనిషిని పీక్కుతింటుంది. మృగం, మనిషి, విషయం, కర్త మారిన వరస కూడా అదే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. ఇలా మీ భాషలో ఒక జంట దొరికితే ఆ మార్పు నమ్మదగ్గదేనని ధైర్యం వస్తుంది. ఇంకో సాక్ష్యం కావాలంటే ‘యాంగ్జైటీ’ అనే మాట చరిత్ర చూడండి, లాటిన్‌లో అది కూడా గొంతు బిగించడం దగ్గరే మొదలైంది. యాంగర్, యాంగ్విష్, గుండె నొప్పికి వాడే యాంజైనా, జర్మన్ ఆంగ్స్ట్, అన్నీ ఒకే వేరు. మన నిఘంటువుల్లో పాపం అనే అర్థంతో కనిపించే సంస్కృత పదం ‘అంహస్సు’ కూడా ఆ వేరుదే.

పెద్దాయన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని ఇంతవరకూ ఎందుకు చెప్పలేదంటే దానికి చందా కట్టాలి. యూనివర్సిటీలో ఉంటే లైబ్రరీ ద్వారా దొరకొచ్చు, విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో ప్రయత్నించండి. అదేదీ లేకపోతే దాని మొదటి ముద్రణ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆ ముద్రణ 1884లో ‘ఎ’ అక్షరంతో భాగాలుగా మొదలై 1928లో ముగిసింది. విచిత్రం ఏంటంటే ఆఖరున వచ్చింది ‘జెడ్’ కాదు, ‘డబ్ల్యూ’లోని చివరి ముక్క, వైజ్ అనే మాట నుంచి. అంటే మన వర్రీ ఉన్నది సరిగ్గా ఆ కట్టకడపటి భాగంలోనే. అందులో చూసేటప్పుడు బాకు ఆకారంలో ఉండే గుర్తు కోసం వెతకండి, అది ఉంటే ఆ అర్థం వాడుకలోంచి పోయిందని. ట్రాన్స్ (trans.) అని ఉంటే సకర్మకం, ఇంట్ర్ (intr.) అని ఉంటే అకర్మకం. మన పనికి ఈ మూడు గుర్తులు చాలు.

గూగుల్ గ్రాఫును ఎంతవరకు నమ్మాలి

గూగుల్ ఎన్‌గ్రామ్, అంటే పుస్తకాల్లో ఏ మాట ఏ ఏడాది ఎంత వాడారో చూపించే గ్రాఫు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అందరూ దాన్నే స్క్రీన్‌షాట్ తీసి పెడతారు. కానీ అది మాటను లెక్కపెడుతుంది, అర్థాన్ని కాదు. వర్రీ అని ఒక్క మాట కొడితే కుక్క వర్రీ, అత్తగారి వర్రీ కలిసిపోయి ఒకే గీత వస్తుంది. అందుకని చుట్టుపక్కల మాటలతో కలిపి కొట్టాలి. ‘వర్రీ అబౌట్’ అని కొడితే వచ్చేది దాదాపు దిగులు అర్థమే, ఎందుకంటే ‘అబౌట్’ తగిలిందంటే కర్మ పోయినట్టే. ఆ గీత 19వ శతాబ్దం మొదట్లో నేలకు ఆనుకుని ఉండి 20వ శతాబ్దంలో పైకి లేస్తుంది. తర్వాత గూగుల్ బుక్స్‌లో తేదీల ఫిల్టర్ పెట్టి ఆ వాక్యాలు నిజంగా చదవండి. కొన్ని పుస్తకాలకు ముద్రణ సంవత్సరం తప్పుగా పడి ఉంటుంది, టైటిల్ పేజీ చూడకుండా ఏ తేదీనీ నమ్మొద్దు. ఇంకొకటి, మొదటిసారి అచ్చులో కనపడిన తేదీ ఆ అర్థం పుట్టిన తేదీ కాదు, జనం నోట్లో అది అంతకుముందే నలిగి ఉంటుంది.

వాట్సాప్‌లో తిరిగే కథల గురించి ఒక ముక్క. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని వచ్చే ఫార్వర్డులు మీకూ వచ్చే ఉంటాయి. అబద్ధం, అది ‘న్యూ’కి బహువచనం, కొత్త సంగతులు అని. మొదటి అక్షరాలు కలిపి మాట పుట్టిందని ఎవరైనా చెప్తే, ఆ మాట 20వ శతాబ్దానికి ముందుదైతే ఇక చదవక్కర్లేదు, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కల్పనే.

ఇంకో రకం వాళ్లు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ఉపన్యాసకులు. వర్రీ అసలు అర్థం పీక నులమడం, కాబట్టి మీరు వర్రీ అయినప్పుడల్లా మీ పీక మీరే నులుముకుంటున్నారు, చప్పట్లు. వినడానికి బాగుంటుంది, కానీ ‘అసలు అర్థం’ అనే మాటే తప్పు. పీక నులమడానికీ దిగులుకూ మధ్య ఒక తోడేలు, ఒక సతాయించే మనిషి, ఒక చింత ఉన్నాయి, వాటిని దాటుకుని వచ్చిన మాటకు పాత అర్థం అప్పజెప్పలేం. 1860లో ఉత్తరంలో ‘ఐ వర్రీ’ అని రాసుకున్నవాళ్లకు గొంతు గుర్తుకొచ్చి ఉంటుందని నేను అనుకోను.

ఇప్పుడు మీరు ప్రయత్నించండి

ఇదే పద్ధతిలో చేయడానికి బాగా పండే క్రియలు కొన్ని ఇస్తున్నాను, చివరి దాకా చెప్పను, మొదటి అడుగు మాత్రమే.

‘లైక్’ తెలుగువాళ్లకు అందరికంటే సులువుగా తెలుస్తుంది. పాత ఇంగ్లీషులో ‘నేను దాన్ని లైక్ చేస్తున్నా’ అనేవాళ్లు కాదు, ‘అది నాకు లైక్ అవుతుంది’ అన్నట్టు అనేవాళ్లు, అచ్చం మన ‘నాకు నచ్చింది’ లాగా. షేక్‌స్పియర్ దగ్గర కూడా ‘దిస్ లైక్స్ మీ వెల్’ అని కనపడుతుంది. నచ్చిన వస్తువు కర్తగా ఉండేది, నచ్చినవాడు ఆ స్థానంలోకి ఎప్పుడు ఎక్కాడో పట్టుకోండి.

‘స్టార్వ్’కి జర్మన్ ‘స్టెర్బెన్’ దగ్గర మొదలుపెట్టండి, అక్కడ అది చావడం, ఏ కారణంతోనైనా సరే. ఇంగ్లీషులో కారణం ఆకలికి కుంచించుకుపోయింది. ఉత్తర ఇంగ్లండ్ యాసలో మాత్రం చలికి కొంకర్లు పోవడం అనే అర్థం మిగిలింది, ఆ రెండు దారులు ఎక్కడ విడిపోయాయో చూడండి.

‘ప్రివెంట్’ లాటిన్ మాట, ముందు రావడం అని. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో 119వ కీర్తన 147వ వచనంలో తెల్లవారడాన్ని ‘ప్రివెంట్’ చేశాను అని ఉంటుంది, సూర్యుణ్ణి ఆపాడని కాదు, అంతకంటే ముందే లేచాడని. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘తెల్లవారకమునుపే’ అని ఉంది, చక్కగా.

‘రీడ్’ అన్నిటికంటే మెలికల మాట. దాని తోబుట్టువు జర్మన్ ‘రాటెన్’ అంటే సలహా ఇవ్వడం, ఊహించి చెప్పడం. పొడుపుకథకు ఇంగ్లీషులో వాడే ‘రిడిల్’ కూడా ఆ ఇంటి పిల్లే. 1016లో చనిపోయిన ఇంగ్లండ్ రాజు ఈథెల్‌రెడ్‌ను ‘అన్‌రెడీ’ అని వెక్కిరిస్తారు, సిద్ధంగా లేనివాడు అని అందరూ అనుకుంటారు గానీ ఆ ‘రెడీ’ వేరే, ఇది సలహాకు సంబంధించిన ‘రెడ్’, సరైన ఆలోచన చెప్పేవాళ్లు లేనివాడు అని ఎద్దేవా. ఆయన పేరులోని రెండో సగం కూడా అదే మాట, బాస్‌వర్త్, టోలర్‌లో ‘రెడ్’ దగ్గర మొదలుపెడితే సలహా ఎప్పుడు చదువుగా మారిందో దొరుకుతుంది.